దున్నేవాడికి వచ్చిన భూమి ఎటు పోయింది? – రష్యా పల్లె కథ

(జిల్లా అధ్యయన తరగతుల్లో రెండో రోజు ఉదయం, అధ్యయన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కరపత్రంలో ఈ తరగతి పేరు "రష్యా రాజకీయాలు – కమ్యూనిస్టు పాలన వారసత్వం" అని వేశాం. అది చూసి నిన్న సాయంత్రం ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. "మినుములకు ధర లేదు, చివరి భూములకు నీళ్ళు లేవు, ఇప్పుడు మనకు రష్యా గొడవ దేనికయ్యా?" అని అడిగారు. ఆయన అడిగింది న్యాయమే. అందుకే ముందు దానికే జవాబు చెప్పి అసలు విషయంలోకి పోతాం.

2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధానికి దిగాక పొటాష్ బస్తా 1,700 రూపాయల దాకా ఎగబాకింది. వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర చూసి ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అంటే అక్కడి రాజకీయం మన చేలోకి, మన పొయ్యి మీదికి వచ్చే తీరుతుంది. ఇది ఒక కారణం. రెండోది మన ఇంటిలోదే. మన మండలంలో మూడు గ్రామాల వాళ్ళకు ఒక కంపెనీ ఒప్పంద పత్రాలు పంచిపోయింది. ఇరవై ఏళ్ళ కౌలు, ఎకరానికి ఇంత అని రేటు, గట్లు తీసేసి ఒకే చెలక చేస్తామని మాట. కొందరు సంతకం పెట్టారు, కొందరు మా దగ్గరికి వచ్చి "పెట్టమంటారా?" అని అడిగారు. అవునని గానీ కాదని గానీ చెప్పే ముందు, ఇలాంటి కాగితాల మీద కోటి మందికి పైగా రైతులు సంతకాలు పెట్టిన దేశం సంగతి చూసి రావడం మేలనిపించింది. ఆ దేశమే రష్యా.

మూడో కారణం కూడా ఉంది. అది చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది.

మన సంఘం ఆఫీసులో చెక్క బీరువా ఉంది కదా. అందులో సగం పుస్తకాలు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. గట్టి అట్ట, తెల్లటి కాగితం, చవక ధర. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వస్తే పిల్లలం వెంట పరుగెత్తేవాళ్ళం. మనలో చాలామందికి చదవడం, వాదించడం నేర్పినవి ఆ పుస్తకాలే. ఆ రుణం మేం మరిచిపోలేదు. కానీ వాటిలో ట్రాక్టరు ఎక్కి నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మ ఉంది గానీ 1933 లేదు. మేం తరగతులు చెప్పిన ఇన్నేళ్ళలోనూ 1917 నుంచి 1941కి ఒక్క గంతు వేసేవాళ్ళం. మధ్యలో ఏం జరిగిందని ఎవరన్నా అడిగితే "అది శత్రువుల ప్రచారం" అని కూర్చోబెట్టేవాళ్ళం. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక మనలో సగం మంది అలిగి మాట్లాడటం మానేశారు. మిగతా సగం "మేం ముందే చెప్పాం" అన్నారు. ఉభయులూ చదవలేదు. ఇది మా తప్పు. ఈ తరగతి ఆ తప్పు దిద్దుకోవడానికే.

మన తెలుగు నేలకు ఆ దేశంతో సంబంధం పుస్తకాలతో ఆగలేదని కూడా గుర్తుంచుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే, 1951 మొదట్లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు. అజయ్ ఘోష్, డాంగేలతో పాటు మన చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ఆ నలుగురిలో ఉన్నారు. ఆ అక్టోబరులోనే పోరాట విరమణ జరిగింది. మన రైతుల బతుకుల గురించి మాస్కోలో గది తలుపులు మూసుకుని మాట్లాడిన రోజు ఒకటి ఉందన్నమాట. అలాంటప్పుడు వాళ్ళ రైతుల బతుకుల గురించి మనం తెలుసుకోవడం అధిక ప్రసంగం కాదు.

ఇక కథలోకి వద్దాం. రష్యాలో 1861 దాకా రైతు భూస్వామి సొత్తు. భూమితో పాటు మనిషినీ అమ్మేవారు. ఆ ఏడు జారు చక్రవర్తి వాళ్ళకు విముక్తి ఇచ్చాడు. అయితే భూమి ఊరికే ఇవ్వలేదు. దాని వెల వాయిదాల్లో కట్టమన్నాడు. 1905లో తిరుగుబాటు వచ్చాక గానీ ఆ వాయిదాలు రద్దు కాలేదు. మధ్య రష్యాలో భూమి ఇంటింటికీ శాశ్వతంగా ఉండేది కాదు. ఊరి సమితి – దాన్ని మీర్ అనేవారు – కొన్నేళ్ళకొకసారి కుటుంబంలో తలలు లెక్కపెట్టి చీలికలు పంచేది. మన దగ్గర అన్నదమ్ముల పంపకంలో లోతు నేల, మిట్ట నేల అందరికీ రావాలని చీల్చినట్టు అక్కడ ఊరంతా చీల్చేవారు.

1917 నవంబరులో బోల్షివిక్కులు అధికారానికి వచ్చిన మరునాడే భూమి శాసనం చేశారు. పరిహారం లేకుండా భూస్వాముల భూమి స్వాధీనం, దాన్ని చేసుకునేవాడికి అప్పగింత. మనం గోడల మీద రాసుకున్న "దున్నేవాడికే భూమి" అక్కడ చట్టమైంది. ఇంకో సంగతి. ఆ శాసనంలోని వివరాలు బోల్షివిక్కులు సొంతంగా రాసినవి కావు. 242 ఊళ్ళ రైతులు రాసి పంపిన తీర్మానాలను కలిపి వాళ్ళ ప్రత్యర్థి పార్టీ తయారుచేసిన పత్రాన్ని లెనిన్ ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. రైతులు అడిగిందే ఇచ్చాడు. అందుకే అంతర్యుద్ధంలో భూస్వాముల సైన్యం తిరిగి రాకుండా రైతులు నిలబడ్డారు.

అదే యుద్ధంలో పట్టణాలకు, సైన్యానికి తిండి కోసం ప్రభుత్వం ఊళ్ళ మీద పడి ధాన్యం ఎత్తుకుపోయింది. మన పెద్దవాళ్ళకు లెవీ తెలుసు. లెవీకి ఒక లెక్కన్నా ఉండేది. అక్కడ విత్తనం గింజలు కూడా ఊడ్చుకుపోయారు. 1920లో తాంబోవ్ ప్రాంతం రైతులు తిరగబడ్డారు. 1921లో వానలు లేక వోల్గా ఒడ్డున ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు లెనిన్ వెనక్కి తగ్గాడు. 1921 మార్చిలో ధాన్యం లాక్కోవడం ఆపి, ఇంత అని పన్ను పెట్టి, మిగిలింది అమ్ముకోండి అన్నాడు. నాలుగైదేళ్ళలో పంటలు కోలుకున్నాయి. మేం చదివినంతలో రష్యా రైతు తన చెమటకు తగ్గ కూడు తిన్న కాలం ఏదైనా ఉంటే అది ఈ ఏడెనిమిదేళ్ళే.

ఆ కాలంలోనే అలెగ్జాండర్ చయానోవ్ అనే వ్యవసాయ ఆర్థికవేత్త ఉండేవాడు. రైతు కుటుంబం ఫ్యాక్టరీ కాదు, కూలి లెక్క, లాభం లెక్క చూసి నడవదు, ఇంట్లో తినే నోళ్ళెన్ని, పని చేసే చేతులెన్ని అన్నదాన్ని బట్టి నడుస్తుంది అని లెక్కలతో సహా చూపించాడు. నష్టమొస్తున్నా మనం ఎందుకు సేద్యం మానమో మన ఇంట్లో ఆడవాళ్ళను అడిగితే అదే చెబుతారు. ఆయన సహకార సంఘాలను కోరాడు. ఏ పనికి పెద్ద ఎత్తు లాభమో – అమ్మకం, పాల డెయిరీ, యంత్రం – అది కలిసి చేసుకోండి, ఏ పనికి కన్ను, చెయ్యి దగ్గరుండాలో అది ఇంటికే వదలండి అన్నాడు. 1930లో ఆయన్ని అరెస్టు చేశారు, 1937లో కాల్చి చంపారు. 1987లో నిర్దోషి అని ప్రకటించారు. యాభై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. 1923 నాటికే పట్టణం సరుకు ధర పైకి, ఊరి గింజ ధర కిందికి పోసాగాయి. గీత గీసి చూపితే తెరిచిన కత్తెరలా ఉందని దానికి కత్తెర సంక్షోభం అని పేరు వచ్చింది. యూరియా, డీజిల్, పురుగుమందు ఒక అంచు, పత్తి, మిరప, వరి ఇంకో అంచు అనుకోండి. మనకు వేరే వివరణ అక్కర్లేదు. 1927లో ప్రభుత్వం ధాన్యానికి ఇచ్చే ధర మరీ తక్కువై రైతులు గింజలు అమ్మకుండా గొడ్లకు వేసుకున్నారు, గాదెల్లో పోసుకున్నారు. దీనికి మందు ధర పెంచడం. పార్టీలోనే కొందరు ఆ మాట అన్నారు. స్టాలిన్ మాత్రం 1928 జనవరిలో సైబీరియా వెళ్ళి, గింజ దాచినవాడి మీద దొంగవ్యాపారం కేసు పెట్టండి అని చెప్పి వచ్చాడు. గిట్టుబాటు ధర అడిగితే నేరమైన రోజు అది. ఆ తర్వాత జరిగిందంతా ఇక్కడే మొదలైందని మా అభిప్రాయం.

1929 డిసెంబరు చివర "కులక్‌లను వర్గంగా నిర్మూలిస్తాం" అని ప్రకటన వచ్చింది. కులక్ అంటే పిడికిలి. వడ్డీకిచ్చి ఊరిని పిడికిట్లో పెట్టుకున్నవాడని మొదట అర్థం. అయితే జిల్లాకు ఇంతమంది అని కోటా పంపితే ఆ కోటా నింపాలి కదా. రెండు ఆవులున్నవాడు, కోతల్లో ఇద్దరు కూలీలను పెట్టుకున్నవాడు, రేకు కప్పు వేసుకున్నవాడు కూడా కులక్ అయ్యాడు. ఏమీ లేనివాడు ఎదురు మాట్లాడితే వాడికో పేరు పుట్టించారు – కులక్ తొత్తు. 1930, 31 రెండేళ్ళలో 18 లక్షల మందిని ఇళ్ళలోంచి లేపి, గూడ్సు బండ్లలో ఎక్కించి ఉత్తరపు అడవులకు, సైబీరియాకు పంపారు. పిల్లలు, ముసలివాళ్ళు అందులోనే. ఎంతమంది దారిలో, మొదటి చలికాలంలో పోయారో చెప్పలేం.

మిగిలినవాళ్ళను సమష్టి క్షేత్రాల్లో – కొల్ఖోజ్‌లలో – చేరమన్నారు. ఎద్దు, గుర్రం, నాగలి, విత్తనం అన్నీ అప్పగించాలి. 1930 మార్చి నాటికి సగానికి పైగా కుటుంబాలు చేరాయని లెక్క రాశారు. చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు తిరగబడి తమ ఆవుల్ని తోలుకుపోయారు. మగవాళ్ళు ముందుకొస్తే కాలుస్తారని వాళ్ళను వెనక ఉంచి తామే ముందు నిలిచేవారు. పరిస్థితి చెయ్యి దాటుతుంటే మార్చి 2న స్టాలిన్ పత్రికలో వ్యాసం రాసి, కింది కార్యకర్తలకు విజయాలతో తల తిరిగింది, తప్పు వాళ్ళదే అన్నాడు. అది చదివి రైతులు బయటికి వచ్చేశారు. చేరినవాళ్ళలో సగానికి మించి వెళ్ళిపోయారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ పన్నుల ఒత్తిడితో లోపలికి తోశారు. 1937కు నూటికి 93 కుటుంబాలు కొల్ఖోజ్‌లో ఉన్నాయి.

అప్పగించడం ఇష్టం లేక జనం గొడ్లను కోసుకు తిన్నారు. మేపు లేక చచ్చినవి ఇంకొన్ని. 1929లో దేశంలో 3 కోట్ల 40 లక్షల గుర్రాలుంటే 1933కు అందులో సగం కూడా మిగల్లేదు. మన ఊళ్ళో ఉన్న కాడెడ్లన్నీ నాలుగేళ్ళలో సగమైపోతే, ట్రాక్టర్లు ఇంకా రాకపోతే, దుక్కి ఎట్లా అవుతుందో ఇక్కడున్న వాళ్ళకు చెప్పనక్కర్లేదు. దున్నకం సరిగా లేదు, కలుపు తీయలేదు, పంట తగ్గింది. ధాన్యం కోటా మాత్రం తగ్గలేదు. 1932 ఆగస్టు 7న చట్టం చేశారు – కొల్ఖోజ్ చేలో గింజ దొంగిలిస్తే మరణశిక్ష, మరీ కనికరిస్తే పదేళ్ళ జైలు. జనం దానికి "కంకుల చట్టం" అని పేరు పెట్టుకున్నారు. కోత అయ్యాక రాలిన కంకులు ఏరుకోవడం మన పేదోళ్ళకు తరతరాల హక్కు. అక్కడ అది నేరం.

1932–33 చలికాలంలో ఉక్రెయిన్‌లో, కుబాన్‌లో, వోల్గా దగ్గర, కజకస్తాన్‌లో జనం ఆకలితో చచ్చిపోయారు. ఉక్రెయిన్‌లోనే 35 లక్షలకు పైగా, కజకస్తాన్‌లో 15 లక్షల దాకా అని పరిశోధకుల అంచనాలు. అన్నీ కలిపి 55 లక్షల నుంచి 70 లక్షలు, ఇంకా పైన అనేవాళ్ళూ ఉన్నారు. 1933 జనవరిలో ఉక్రెయిన్, కుబాన్ రైతులు తిండి వెతుక్కుంటూ పక్క ప్రాంతాలకు పోకుండా దారులు మూశారు. అదే కాలంలో ధాన్యం ఓడలెక్కి విదేశాలకు పోతూనే ఉంది.

మన బీరువాలో షోలొఖోవ్ పేరు ఎరగనివాళ్ళు లేరు. సమష్టి వ్యవసాయం గొప్పతనం గురించి నవల రాసినవాడు. దాని మొదటి భాగం 1932లో వచ్చింది. ఆయనే 1933 ఏప్రిల్‌లో డాన్ నది ఒడ్డున తన ఊరి నుంచి స్టాలిన్‌కు పొడుగాటి ఉత్తరం రాశాడు. గింజల కోసం రైతుల్ని ఎలా చలిలో నిలబెట్టారో, ఎలా కొట్టారో, ఇళ్ళలోంచి పసిపిల్లలతో సహా ఎలా బయటికి తోశారో పేర్లతో రాశాడు. స్టాలిన్ ఆ ప్రాంతానికి కొంత ధాన్యం పంపించాడు. జవాబులో మాత్రం, మీ రైతులు అమాయకులేమీ కాదు, పని ఎగ్గొట్టి ప్రభుత్వంతో చడీచప్పుడు లేని యుద్ధం చేస్తున్నారు అన్నాడు. ఈ ఉత్తరం సంగతి చదివిన రాత్రి మాలో ఒకరికి నిద్ర పట్టలేదు. నవల మనకు చేరింది, ఉత్తరం చేరలేదు.

ఉక్రెయిన్ పార్లమెంటు 2006లో దీన్ని జాతి నిర్మూలన అని చట్టం చేసింది. ఉక్రెయిన్ రైతును ప్రత్యేకంగా గురి పెట్టారా, రైతాంగాన్నంతా పెట్టారా అని చరిత్రకారుల మధ్య వాదన నడుస్తోంది. ఆ వాదన తీర్చే పాండిత్యం మాకు లేదు. మా కొలత ఒకటే. 1943లో బెంగాల్‌లో 30 లక్షల మంది చచ్చిపోతే మనం దాన్ని వర్షాల మీదికి, తుపాను మీదికి నెట్టలేదు. అది తెల్లదొరల ప్రభుత్వం చేసిన పాపమన్నాం. ఆ తూకపు రాయితోనే ఇదీ తూచాలి. దొరకు ఒక రాయి, మనవాడికి ఒక రాయి ఉంటే మనకూ కాటా దగ్గర మోసం చేసే దళారీకి తేడా ఏముంది?

ఈ సంగతులు ఎలా బయటికొచ్చాయో కూడా చెప్పాలి. 1937 జనవరిలో జనాభా లెక్కలు తీస్తే 16 కోట్ల 20 లక్షలు తేలింది. ప్రభుత్వం అనుకున్నదానికి చాలా తక్కువ. లెక్కను రద్దు చేశారు, తీసిన అధికారుల్ని జైల్లో వేశారు. లెక్క తప్పని కాదు, ఒప్పని. తర్వాత విక్టర్ దానిలోవ్ అనే చరిత్రకారుడు తోటివాళ్ళతో కలిసి 1960లలో సమష్టీకరణ చరిత్ర రాస్తే అచ్చు కాకుండా ఆపేశారు. ఆయన వదల్లేదు. సోవియట్ యూనియన్ పోయాక దస్త్రాలు తెరిచినప్పుడు విదేశీ పరిశోధకులతో కలిసి సోవియట్ పల్లె విషాదం మీద పెద్ద పెద్ద దస్త్రాల సంపుటాలు అయిదు తెచ్చాడు. చనిపోయినవాళ్ళ పేర్లు వెతికి రాసే పని చేసిన మెమోరియల్ అనే సంస్థను 2021 డిసెంబరులో రష్యా సుప్రీంకోర్టు మూసేయమంది. ఎర్రజెండా దిగి 30 ఏళ్ళయ్యాక, కమ్యూనిస్టులు కాని పాలకులు చేసిన పని ఇది. దస్త్రం అంటే భయం మాత్రం జెండాతో పాటు దిగిపోలేదన్నమాట.

విత్తనం గురించి ఒక్క మాట అడ్డం వస్తాం. నికొలాయ్ వావిలోవ్ లోకమంతా తిరిగి లక్షల విత్తనాల రకాలు సేకరించి లెనిన్‌గ్రాడ్‌లో భద్రపరిచాడు. లిసెంకో అనే ఆస్థాన శాస్త్రవేత్తకు ఎదురు చెప్పినందుకు ఆయన్ని జైల్లో పెట్టారు. 1943లో సరాతోవ్ జైల్లోనే, తిండి లేని స్థితిలో చనిపోయాడు. జర్మన్లు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు ఆ విత్తన భాండాగారంలో పనిచేసేవాళ్ళు బియ్యం, వేరుశనగ విత్తనాల మధ్య కూర్చుని, ఒక్క గింజ ముట్టకుండా ఆకలితో కన్నుమూశారు. ఆ దేశంలో ఈ మనుషులూ ఉన్నారు. రష్యా అనగానే ఒక్క స్టాలిన్ ముఖమే గుర్తుకు రావడం మన జ్ఞాపకశక్తి లోపం.

కొల్ఖోజ్‌లో బతుకు ఎలా ఉండేది? ట్రాక్టర్లు కొల్ఖోజ్‌వి కావు, ప్రభుత్వ యంత్ర స్టేషన్లవి. దుక్కికి, కోతకు కిరాయి గింజల్లో ఇవ్వాలి. ప్రభుత్వ కోటా పోవాలి, విత్తనం తీయాలి. అన్నీ పోగా కళ్ళంలో మిగిలితే చేసిన పనిదినాల లెక్కన పంచేవారు. కొన్నేళ్ళు పంచడానికేమీ ఉండేది కాదు. పెరట్లో పండ్ల చెట్లకు పన్ను వేస్తే జనం చెట్లు కొట్టేసుకున్నారు. పట్నం వాళ్ళకు 1932 నుంచి గుర్తింపు పత్రాలిచ్చారు. పల్లె రైతుకు ఇవ్వలేదు. అది లేకుండా ఊరు విడిచి పోవడానికి లేదు. పల్లెలందరికీ ఇవ్వాలన్న నిర్ణయం 1974లో గానీ రాలేదు. తాత 1861కి ముందు కట్టుబానిస, మనవడు ఊరు కదలరానివాడు.

1935లో ఒక్క సందు వదిలారు. ఇంటికి పావు నుంచి అర హెక్టారు – మన లెక్కలో అరవై సెంట్ల నుంచి ఎకరం పాతిక – పెరడు, ఒక ఆవు, కొన్ని కోళ్ళు. దేశం సాగు భూమిలో ఆ పెరళ్ళు నూటికి మూడు వంతులు కూడా కావు. పంట విలువలో పావు వంతు దాకా అక్కడి నుంచే వచ్చేది. ఆలుగడ్డలు, పాలు, గుడ్లు ఎక్కువగా వాటివే. చయానోవ్‌ను కాల్చారు గానీ ఆయన చెప్పిన లెక్క ప్రతి ఇంటి వెనకా పండుతూనే ఉంది.

ఇంకో పక్క కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. స్టాలిన్ పోయాక ధాన్యం ధర పెంచారు. 1965 నుంచి కొల్ఖోజ్ రైతుకు పింఛను, 1966 నుంచి నెలనెలా జీతం వచ్చాయి. ఊళ్ళో బడి, మందుల గది, కరెంటు, క్లబ్బు, పిల్లల్ని చూసుకునే కేంద్రం వచ్చాయి. అరవై ఏళ్ళు దాటిన రైతుకు నెలనెలా పింఛను ఇప్పటికీ మనం అడుగుతూనే ఉన్నాం. ఆ ముసలివాళ్ళు ఆ రోజులు మంచివంటే వాళ్ళు మోసపోయినట్టు కాదు, వాళ్ళు 1975 గురించి చెబుతున్నారు, 1933 గురించి కాదు. అయితే ఆ వ్యవసాయం దేశానికి గింజ పెట్టలేకపోయింది. ఒకప్పుడు లోకానికి గోధుమలమ్మిన దేశం 1963 నుంచి కొనడం మొదలుపెట్టింది, 1972లో అమెరికా నుంచి భారీగా కొన్నది.

1991 డిసెంబరు చివర యెల్త్సిన్ ప్రభుత్వం కొల్ఖోజ్‌లను మార్చమంది. సుమారు కోటీ ఇరవై లక్షల మంది పల్లె జనానికి భూమి వాటాలిచ్చారు. సగటున 10 హెక్టార్లు, అంటే 25 ఎకరాలు. వినడానికి ఎంత బాగుంది! మనలో పాతికెకరాలున్నవాళ్ళు ఎందరు చెయ్యెత్తగలరు? కానీ అది కాగితం మీద వాటా. ఏ చెలకలో, ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అని లేదు. విడిగా కొలిపించుకోవాలంటే సర్వే ఖర్చు పెట్టుకోవాలి, అందరి సమావేశంలో ఒప్పించాలి, కోర్టుకెళ్ళాలి. చేతిలో ట్రాక్టరు లేదు, అప్పిచ్చే బ్యాంకు లేదు. 1992 జనవరి 2న ధరల మీద అదుపు తీసేశారు. డీజిల్, ఎరువు రెక్కలు కట్టుకుని ఎగిరాయి, గింజ ధర నేల మీదే ఉంది. పాత కత్తెర మళ్ళీ తెరుచుకుంది. 1990లో 5 కోట్ల 70 లక్షలున్న పశువులు 2000కు 2 కోట్ల 70 లక్షలయ్యాయి. స్టాలిన్ కాలంలో నాలుగేళ్ళలో జరిగింది మార్కెట్ కాలంలో పదేళ్ళలో, తుపాకీ లేకుండా జరిగింది.

జనం తమ వాటాను పాత కొల్ఖోజ్‌కే, కొత్త బోర్డు పెట్టుకున్న దానికే, కౌలుకిచ్చారు. కౌలు అంటే ఏడాదికి కొన్ని బస్తాల గింజలు, కాస్త పంచదార, నూనె, పెరడు దున్నిపెట్టడం, చావుకు బండి పంపడం. ఛైర్మన్ అదే మనిషి. 1990లలో ఆ పల్లెలు కమ్యూనిస్టు పార్టీకే ఎందుకు ఓటేశాయో ఇక్కడ తెలుస్తుంది. 1996లో జ్యుగానోవ్‌కు రెండో విడతలో నూటికి 40 ఓట్లు వచ్చాయి. వాళ్ళు ఓటేసింది మార్క్స్‌కు కాదు, పెరడు దున్నే ట్రాక్టరుకు, చావుకు వచ్చే బండికి. తర్వాత ఆ ట్రాక్టరు కంపెనీదైంది, ఓటు కూడా కంపెనీ వైపున్న పాలక పార్టీకి మళ్ళింది. రైతుల పేరు పెట్టుకున్న అగ్రేరియన్ పార్టీ 2008లో ఆ పాలక పార్టీలోనే కలిసిపోయింది. మా దృష్టిలో కమ్యూనిస్టు పాలన వదిలిపోయిన వారసత్వాల్లో ఇదే బరువైనది: పైవాడి దయతో తప్ప తన సంఘంతో, తన చందాతో నిలబడటం తెలియని పల్లె. నిలబడేవాళ్ళను 1930లోనే బండెక్కించి పంపేశారు కదా.

2002లో చట్టం వచ్చి సాగు భూమి అమ్మకానికి దారి తెరిచింది. డబ్బున్న కంపెనీలు వాటాల కాగితాలు కొన్నాయి, దీర్ఘకాలం కౌలు రాయించుకున్నాయి. ఇవాళ ఒక్కో కంపెనీ గుప్పెట్లో లక్షల హెక్టార్లు ఉన్నాయి. పది లక్షలు దాటినదీ ఉంది. కుబాన్ ప్రాంతానికి గవర్నరుగా ఉండి తర్వాత వ్యవసాయ మంత్రి అయిన తకచోవ్ కుటుంబానిదే అక్కడి పెద్ద వ్యవసాయ కంపెనీల్లో ఒకటి. రష్యా ఇప్పుడు లోకంలో అందరికంటే ఎక్కువ గోధుమలు అమ్ముతోంది. నిజం. అదే దేశంలో 2002 జనాభా లెక్కల్లో మనిషన్నవాడు లేని ఊళ్ళు 13 వేలు తేలాయి. గోధుమ పెరిగింది, ఊరు పోయింది.

ఆ కుబాన్‌లోనే కుష్చెవ్‌స్కాయా అనే ఊళ్ళో 2010 నవంబరులో ఒక రైతు ఇంట్లో 12 మందిని చంపేశారు. నలుగురు పసివాళ్ళు. చంపించిన ముఠా నాయకుడికి వ్యవసాయ కంపెనీ ఉంది, స్థానిక సభలో పదవి ఉంది. 2016 ఆగస్టులో కుబాన్ రైతులు, కంపెనీలు మా భూములు కాజేస్తున్నాయి, కోర్టులు వాళ్ళ పక్షమే అని ట్రాక్టర్లు ఎక్కి మాస్కో బయలుదేరారు. పక్క రాష్ట్రం రోస్తోవ్‌లోనే ఆపేశారు, నాయకుల్ని కొన్ని రోజులు లోపలేశారు. వాళ్ళకు సింఘూ లేదు, టిక్రీ లేదు. వెనక నిలబడి రొట్టెలు చేసి పెట్టే ఊళ్ళు లేవు. 2021 జూన్ నుంచి గోధుమ ఎగుమతి మీద ధర పెరిగిన కొద్దీ పెరిగే సుంకం వేశారు. ఊళ్ళో ధర పడిపోయి రైతులు మొత్తుకున్నారు. 2023 జూలైలో మన బియ్యం ఎగుమతి ఆపినప్పుడు మనం మొత్తుకున్నట్టే. 1927లో, 1992లో, 2021లో మూడు రకాల ప్రభుత్వాలు. గింజ ధర దగ్గర మూడూ ఒకటే.

నిన్న ఒక అక్క అడిగింది: "మరి కలిసి సేద్యం చేయడమే తప్పంటారా?" కాదమ్మా. మన మహిళా సంఘాలు కౌలు తీసుకుని కలిసి కూరగాయలు పండిస్తున్న చోట్లకు మేమే వెళ్ళి చూసొచ్చాం. ఎవరి చేను ఎక్కడుందో అందరికీ తెలుసు, ఇష్టం లేనివాళ్ళు పంట తీయగానే తప్పుకోవచ్చు, లెక్కల పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంటుంది. కొల్ఖోజ్‌లో ఈ మూడూ లేవు. వాటా కాగితాల్లోనూ లేవు.

ఇప్పుడు మన మూడు గ్రామాల కాగితానికి వద్దాం. మాకు దొరికిన నకలులో గట్లు తీసేస్తారని ఉంది గానీ, గడువు తీరాక ఎవరు కొలిచి, ఎవరి ఖర్చుతో గట్లు వేస్తారో లేదు. కౌలు రైతుల పేరే లేదు. పదకొండో షరతు కింద కంపెనీ ఈ కౌలును మనల్ని అడక్కుండా ఇంకొకరికి బదిలీ చేయవచ్చు. సంతకం పెట్టినవాళ్ళను మేం తప్పుపట్టడం లేదు, పిల్ల పెళ్ళో, ఆసుపత్రి బిల్లో ఉండి ఉంటుంది. పెట్టినవాళ్ళూ పెట్టనివాళ్ళూ భోజనాలయ్యాక తమ నకళ్ళు, పాస్‌పుస్తకాలు పట్టుకుని వెనక గదిలోకి రండి. మన వకీలు గారు మూడింటి దాకా ఉంటారు. పదకొండో షరతు దగ్గర నుంచి మొదలుపెడదాం.